సూర్యుడికి పశువుల కొట్టం

బీహార్‌ జహానాబాద్‌ జిల్లాలోని ధర్నై మూడు దశాబ్దాలు కరెంటు లేకుండా గడిపింది. 2014లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్‌ వాళ్లొచ్చి 100 కిలోవాట్ల సోలార్‌ మైక్రోగ్రిడ్‌ పెట్టారు. ఊరినిండా వెలుగు, వెలుగునిండా కెమెరాలు. బల్బు వేసుకోవచ్చు, ఫోను చార్జింగ్‌ పెట్టుకోవచ్చు. టీవీ, ఫ్రిజ్‌ మాత్రం కుదరవు. పైగా యూనిట్‌ ధర మామూలు కరెంటు కంటే ఎక్కువ. పట్నంలో మూడు ఏసీలవాడు వేడెక్కించిన భూగోళాన్ని, ఫ్రిజ్‌ మానుకుని చల్లార్చే పూచీ ధర్నైదన్నమాట!

దాన్ని చూడవచ్చిన బీహార్‌ నేత నితీశ్‌ కుమార్‌ ఎదుటే జనం ‘అసలు కరెంటు’ కావాలని కేకలేశారు. అంతే, ముప్పై ఏళ్లుగా దొరకని ట్రాన్స్‌ఫార్మర్‌ రోజుల్లో దిగింది. కరెంటు రావాలంటే అర్జీలు దండగ, ముందు సోలార్‌ పలకలు పెట్టించుకోండి. పోటీకైనా సర్కారు పరిగెత్తుకొస్తుంది.

తర్వాత సూర్యుడు వరమిచ్చినా బ్యాటరీ వరమివ్వలేదు. మార్చే నాథుడు లేడు. సోలార్‌ కేంద్రంలో పశువుల్ని కట్టేశారు. రిబ్బను కత్తిరించడానికి వచ్చినంతమంది రిపేరుకు రారుగా.

ఇక ఏది కరెంటొచ్చిన ఊరో తేల్చే ఢిల్లీ సర్కారు లెక్క మరీ సోకు. నూరిళ్ల ఊళ్లో పదిళ్లకూ, బడి, పంచాయతీ ఆఫీసులాంటి చోట్లకూ తీగ లాగితే ఊరు మొత్తం వెలిగినట్టే! 2018 ఏప్రిల్‌ 28న దేశంలోని పల్లెలన్నిటికీ కరెంటొచ్చిందని చాటింది ఈ కొలతతోనే. మిగతా తొంభై ఇళ్లవాళ్లు ఆ పదిళ్ల అరుగుల మీద సర్దుకు కూర్చోవాలి కాబోలు.