బొమ్మ వచ్చింది, మాట రాలేదు

ఘంటసాల పాట వినడానికి నా పుట్టినతేదీతో పనేమిటండీ? కంప్యూటర్లో పాటల యాప్ ఏది తెరిచినా వరస ఇదే. ఈమెయిలు, ఫోన్ నంబరు, ఓటీపీ, పుట్టినతేదీ. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. అన్నీ చెప్పుకుని లోపలికి వెళితే, అడిగిన పాట కాకుండా నాకు నచ్చుతుందని ఎవరో అనుకున్న పాట మొదలవుతుంది. మా రోజుల్లో ప్లేయర్‌కి ఇంత నోరుండేది కాదు. ఫైలు ఇస్తే పాడేది, లేదంటే మొరాయించేది. మొరాయిస్తే ఎందుకో కనుక్కుని దారికి తెచ్చుకునేవాళ్లం. ఇప్పటివాళ్లకి ఆ ఓపిక లేదు. ఎలా వస్తే అలా వింటారు, ఎలా కనిపిస్తే అలా చూస్తారు. నా బాధంతా అదే.

మా రోజులంటే గ్రామఫోను కాలమేమీ కాదు, 1990ల చివర. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, ఒక కొట్లో మదర్‌బోర్డు, ఇంకో కొట్లో ర్యామ్, పై అంతస్తులో సౌండ్ కార్డు బేరమాడి, బిగించిన డబ్బాని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్న కాలం. సౌండ్ కార్డు విడిగా కొనాలంటే మా మనవడు నమ్మడు. "సౌండ్ కూడా కొనుక్కోవాలా తాతయ్యా?" అంటాడు. కొనుక్కోవాలి నాయనా. కొన్నాక, సీడీ డ్రైవ్ వెనక నుంచి సౌండ్ కార్డు దాకా ఒక సన్నటి తీగ తగిలించాలి. అది మర్చిపోతే పాటల సీడీ లోపల గిర్రున తిరిగేది, తెర మీద సెకన్లు పరిగెత్తేవి, స్పీకర్లలో మాత్రం చడీచప్పుడూ ఉండేది కాదు. కొత్తగా కొన్నవాళ్లు స్పీకర్లు పాడైపోయాయని కొట్టువాడి మీదికి వెళ్లేవాళ్లు. వాడు ఆ తీగ పెట్టి, ఆ రాకపోకలకి వేరే డబ్బు తీసుకునేవాడు.

తరవాత విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్ వచ్చింది. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్ అనే అమెరికా కుర్రాడు, ఇరవయ్యేళ్లు కూడా నిండనివాడు, దిమిత్రి బోల్డిరెవ్ అనే ఇంకొకడితో కలిసి తయారుచేశాడు. తెర మీద జానెడు పట్టీ, కింద పాటల జాబితా, పక్కన పది మీటల ఈక్వలైజర్. పాతకాలం సినిమా పాటలకి బాస్ కాస్త తగ్గించి, మధ్య మీటలు కొద్దిగా లేపితే సుశీలగారి గొంతు ముందుకొచ్చేది. బాస్ మొత్తం పైకి తోసి వినేవాళ్లతో నేను స్నేహం చెయ్యలేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 అంటే నిమిషానికి సుమారు ఒక ఎంబీ. మామూలు ఆడియో సీడీలో 74 నిమిషాల పాటలు పడితే, అదే సీడీలో ఎంపీ3లైతే వందకి పైగా పట్టేవి. కోఠీ పేవ్‌మెంట్ మీద అలాంటి సీడీలు గుట్టలుగా దొరికేవి. ఎవరి అనుమతితో తయారయ్యాయో అడక్కండి.

సినిమా సంగతి వేరు. వీసీడీలో, అంటే వీడియో సీడీలో, బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలు, అంతే. తెలుగు సినిమా ఒక సీడీలో పట్టదు కాబట్టి రెండో మూడో ఉండేవి. గీతలు ఎప్పుడూ ఆఖరి సీడీ మీదే పడేవి. సీడీ పెట్టగానే దానంతటది మొదలుకాకపోతే ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లోకి వెళ్లి, .డాట్ అని ఉన్న ఫైలుని పట్టుకుని ప్లేయర్‌లో వెయ్యాలి. ఇది తెలిసినవాడికి వీధిలో మంచి గౌరవం ఉండేది.

అసలు యుద్ధం 2000 తరవాత, డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ అనే కుదింపు పద్ధతులు వచ్చాక మొదలైంది. సినిమా మొత్తం ఒక్క 700 ఎంబీ సీడీలోకి కుదించేశారు. బాగానే ఉంది. పేరు చూస్తే .ఏవీఐ. అయితే ఏవీఐ అన్నది పైపేరు మాత్రమే. లోపల బొమ్మని ఒక పద్ధతిలో, ధ్వనిని ఇంకో పద్ధతిలో కుదించి పెడతారు. ఆ రెంటినీ విప్పే కోడెక్‌లు కంప్యూటర్లో విడివిడిగా ఉండాలి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే బొమ్మ వస్తుంది, మాట రాదు. లేదా మాట వస్తుంది, తెర నల్లగా ఉంటుంది. అప్పుడు స్నేహితుడెవరో ఒక కోడెక్ ప్యాక్ ఇచ్చేవాడు. అది చాలక ఇంకొకటి. రెండూ లోపల కొట్టుకుని, ఒక్కోసారి హీరో తలకిందులుగా నడిచేవాడు. అప్పుడు అన్నీ పీకేసి మళ్లీ మొదటినుంచి. ఇంత జరిగినా ఇంట్లో ప్రతివాడికీ తాను చూస్తున్న సినిమా ఏ పద్ధతిలో ఉందో తెలిసేది.

డీవీడీకి ఇంకో పితలాటకం. అమెరికా డీవీడీలకి రీజియన్ ఒకటి, మన దేశానికి ఐదు. అక్కడి బంధువులు ప్రేమగా తెచ్చిన ఇంగ్లీషు సినిమా ఇక్కడి డ్రైవ్‌లో ఆడదు. డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, అదీ ఐదుసార్లే. ఆ తరవాత ఎక్కడుంటే అక్కడే జన్మంతా.

ఈ గొడవలన్నిటికీ మందు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఎకోల్ సెంత్రాల్ పారీ అనే ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. క్యాంపస్‌లో వాళ్లకి వేగమైన నెట్‌వర్క్ కావాలి. దాని మీద టీవీ ప్రసారాలు పంపిస్తామని ఒక పని కల్పించుకున్నారు. 2001లో అందుకోసం రాసుకున్న ప్రోగ్రామ్‌ని ఉచిత లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. అదే వీఎల్‌సీ, నారింజరంగు ట్రాఫిక్ కోను బొమ్మది. కోడెక్‌లన్నీ తనలోనే మోసుకుని తిరుగుతుంది, బయట ఏ ప్యాకూ అక్కర్లేదు. ప్రకటన లేదు, లాగిన్ లేదు. అలాంటిదాని వెబ్‌సైటుని 2022లో మన దేశంలో కొన్ని నెలలపాటు ఆపేశారు. తయారుచేసినవాళ్లు లాయరు నోటీసు పంపాక, ఆ నవంబరులో మళ్లీ తెరిచారు. ఈ సంగతి చెబితే మా ఇంట్లో కుర్రకారు "అవునా?" అన్నారు. అన్నాక ఫోన్లలోకి తలలు వంచేశారు.

ఇప్పుడు కంప్యూటర్‌తోపాటు వచ్చే ప్లేయర్లు చూడండి. ఫోన్లో తీసిన పెళ్లి వీడియో పెడితే, హెచ్ఈవీసీ అనే కోడెక్ ఎక్స్‌టెన్షన్ కొనుక్కోమని దుకాణానికి పంపిస్తాయి కొన్ని. అంటే పాతికేళ్ల తరవాత కోడెక్ గొడవ తిరిగొచ్చింది, ఈసారి ధర చీటీతో. వీఎల్‌సీ ఉన్నవాడికి ఆ బాధ లేదు. కానీ దాన్ని ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తారే గాని, అమర్చుకోరు.

మొన్న బంధువులింట్లో 'మాయాబజార్' పెట్టారు, 1957 నాటి నలుపు తెలుపుది. ఆ బొమ్మ దాదాపు నలుచదరం. దాన్ని వెడల్పు తెర నిండా సాగదీశారు. రంగారావుగారు అసలే భారీ మనిషి, ఇక చూడాలి. సావిత్రి ముఖం పక్కలకి పోయింది. ఇదేమిట్రా అంటే, "పాత సినిమా కదా తాతయ్యా, అలాగే ఉంటుంది" అన్నాడు ఇంజనీరింగ్ చదివే పిల్లాడు! వీఎల్‌సీలో కీబోర్డు మీద 'ఏ' నొక్కితే కొలతలు మారతాయి. నొక్కాను. పక్కల నల్లపట్టీలు వస్తే తెర వృథా అయిందని వాడి ఏడుపు.

మాటలు వినపడకపోవడం ఇంకోటి. ఇప్పటి సినిమాల ధ్వని ఆరు దారుల్లో వస్తుంది. మాటలు ఎక్కువగా మధ్య స్పీకరులోకి పోస్తారు. మన బల్ల మీద ఉన్నవి రెండే. అన్నిటినీ ఆ రెంటిలోకి కలిపేసరికి ఫైటు గోడలు అదరగొడుతుంది, నాయిక గుసగుస ఎవరికీ అందదు. వీఎల్‌సీ ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే పెద్ద చప్పుడు తగ్గి చిన్న మాట లేస్తుంది. ఆ పని చెయ్యరు. తెలుగు సినిమాకి కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని, చదువుకుంటూ కూర్చుంటారు తెలుగువాళ్లు! ఆ అక్షరాలు మాటకన్నా ముందొచ్చినా సర్దుకుపోతారు. జీ, హెచ్ నొక్కితే అవి ముందుకీ వెనక్కీ జరుగుతాయి. పెదవులకీ గొంతుకీ పొత్తు కుదరకపోతే జే, కే.

ఇవన్నీ వదిలేసి వాళ్లకి తెలిసిందల్లా వాల్యూమ్ గీతని వంద దాటించి 125 దాకా లాగడం. అక్కడ ధ్వని పగిలిపోతుంది, అదేమీ పట్టదు. వంద దగ్గర ఆపండర్రా. చాలకపోతే స్పీకరు నాబ్ తిప్పుకోండి, మీ స్పీకరుకి ఇంకా నాబ్ అంటూ ఉంటే.