పిల్లల మనసులు చదవబడును

హిందూపురానికి, పెనుకొండకు, ధర్మవరానికి మూడింటికీ అందేలా నేనొక దుకాణం తెరవబోతున్నాను. బోర్డు రాయించడం అయిపోయింది. పైన పెద్దక్షరాల్లో 'పేరెంటింగ్ ఎక్స్‌పర్ట్'. కింద చిన్నక్షరాల్లో 'విడాకులు, కస్టడీ కేసులకు పిల్లల మనసులు చదవబడును. రిపోర్టు అదే రోజు'. పెట్టుబడి పెద్దగా లేదు. ఒక టేబులు, మూడు కుర్చీలు (అందులో ఒకటి బుడ్డది), రంగు పెన్సిళ్ల డబ్బా, ఒక టెడ్డీబేరు. టెడ్డీబేరు సెకండ్‌హ్యాండ్‌ది. అయినా కళ్లు రెండూ ఉన్నాయి.

ఇన్నేళ్లూ ఒక కోర్టు బయట చెట్టు కింద టైపు కొట్టి బతికినవాణ్ణి. విడాకుల పిటిషన్లు ఎన్ని కొట్టానో లెక్కలేదు. పన్నెండు పేజీల పిటిషన్‌లో పదకొండున్నర పేజీలు బంగారం, మోటారు సైకిలు, అత్త అన్న మాట, మామ అనని మాట. పిల్లవాడి వంతుకు వచ్చేది ఒకే లైను: 'సదరు దంపతులకు ఒక మైనరు కుమారుడు కలడు'. ఆ ఒక్క లైను మీదే ఇంత వ్యాపారం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

"నీకేం తెలుసని పెడ్తాండావు? మన పిల్లోళ్లు ఏ క్లాసు చదువుతాండారో ఏ పొద్దన్నా నీకు తెలిసిందా?" అని మా ఆవిడ నిలదీసింది. అదే నా అర్హత అన్నాను. పిల్లల గురించి ముందుగా ఏమీ తెలియనివాడే కదా ఏ పక్కకూ మొగ్గకుండా రాయగలిగేది.

చట్టం కూడా నా వైపే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో నిపుణుల అభిప్రాయం గురించి 39వ సెక్షను ఉంది. పాత చట్టంలో విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రలు అని లెక్కపెట్టి చెప్పేవారు. కొత్తదాంట్లో 'మరే ఇతర రంగమైనా' అని కలిపారు. ఆ మాట చదివినప్పుడు నన్నే పేరుపెట్టి పిలిచినట్టనిపించింది. ఇక 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 12వ సెక్షను ఇంకా ఉదారం. కోర్టుకు సాయంగా డాక్టరునైనా పిలవచ్చు, కుటుంబ సంక్షేమం కోసం పనిచేసే మనిషినైనా పిలవచ్చు. దొరికితే ఆడమనిషైతే మేలు. ఆ మనిషి ఇరుపక్షాలకు బంధువైనా సరే, కాకపోయినా సరే.

ఇక్కడ మా ఆవిడ మళ్లీ అడ్డుపడింది. "బంధువైనా సరేనంటే, ఆడమనిషైతే మేలంటే, పిల్లోని జేజినే పిలవచ్చు గదా?"

ఈ మాట బయట ఎక్కడా అనొద్దని బతిమాలుకున్నాను. వ్యాపారం ఇంకా మొదలే కాలేదు.

మా వైపు పెద్ద చిక్కు ఒకటుంది. పది లక్షలు దాటిన పట్టణంలో కుటుంబ న్యాయస్థానం పెట్టి తీరాలి, మిగతా చోట్ల ప్రభుత్వం అవసరమనుకుంటే పెట్టొచ్చు అంటుంది చట్టం. మా మూడు ఊళ్లూ కలిపి, సంత రోజు జనాన్ని కూడా లెక్కేసినా పది లక్షలు కాదు. జిల్లా కోర్టో, సబ్‌ కోర్టో, భూమి తగాదా, అప్పు దావా, కస్టడీ ఓ.పి. అన్నీ ఒకే కట్టలో పిలుస్తారు. పొలం గట్టు ఎక్కడుందో తేల్చడానికి కమిషనర్ని పంపుతారు, ఆయన గొలుసు పట్టుకుని కొలుచుకుని వస్తాడు. పిల్లవాడి గట్టు కొలిచే గొలుసు మాత్రం బెంగళూరులో ఉందట. డబ్బున్న పక్షం ఆ రైలెక్కుతుంది. అరగంట మాట్లాడించి, నాలుగు పేజీల ఇంగ్లీషు రిపోర్టు పట్టుకుని వస్తుంది. లేని పక్షం ఆ నాలుగు పేజీలూ నా దగ్గరికే తెచ్చి, "ఏం రాసినారు సామీ ఇందులో?" అని అడుగుతుంది. చదివి చెప్పినందుకు ఇరవై రూపాయలు తీసుకునేవాణ్ణి. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి, రాసిచ్చినవాడికి ఎంత ముట్టిందో ఆలోచించనేలేదు.

మీకు అనుమానం రావచ్చు, ఇంత సులువా అని. హిందూపురం మార్కెట్‌యార్డుకు రండి. చింతపండు కుప్ప ముందు వ్యాపారి గొంతు కూర్చుంటాడు. పండు విరుస్తాడు, నార చూస్తాడు, వేలికి అంటించుకుని నాకుతాడు, గుప్పెడు తీసి తేమ చూస్తాడు. కరిపులి రకమా, ఫ్లవరా తేలాకే ధర పలుకుతాడు. ఒక రకం అనుకుని ఇంకోటి కొంటే వాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, అందుకే అంత జాగ్రత్త. ధర్మవరంలో పట్టుపోగు చేతికివ్వడానికి ముందు కుర్రాణ్ణి ఏళ్లు కండెల దగ్గరే కూర్చోబెడతారు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కారు గేటు దాటాలంటే ఎన్ని చేతులు తడిమి చూస్తాయో అక్కడ పనిచేసే కుర్రాళ్లనడగండి. ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి. పిల్లవాడి మనసు మీద సంతకం పెట్టడానికి మాత్రం ఆ తలనొప్పులేవీ లేవు.

ఉందిలెండి, కాస్త ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. వాళ్లు నిజంగా చదివినవాళ్లు, వాళ్లతో నాకు పేచీ లేదు, పోటీ కూడా లేదు, ఎందుకంటే మా ఊళ్ల వైపు వాళ్లు కనపడరు. నేను పెట్టుకున్న పేరు వేరు. 'కౌన్సిలర్', 'కోచ్', 'ఎక్స్‌పర్ట్' అనే మాటలకు కంచె లేదు, ఏ మేకైనా మేయొచ్చు. ఇది మన వెనకబాటు అనుకోకండి. ఇంగ్లండులో కుటుంబ న్యాయవిభాగానికి అప్పట్లో అధ్యక్షుడిగా ఉన్న సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్ 2023లో ఒక కేసులో ఇదే సమస్యతో కుస్తీ పట్టాడు. అక్కడా ఉత్త 'సైకాలజిస్టు' అనే పేరుకు రక్షణ లేదు, ఎవరైనా తగిలించుకోవచ్చు. దాన్ని సరిచేయడం పార్లమెంటు పని, నాది కాదు అన్నాడు. లండన్‌లోనే తాళం లేనప్పుడు హిందూపురంలో నేనెందుకు సందేహించాలి?

అందుకని నమూనాగా ఒక రిపోర్టు ముందే తయారు చేసి పెట్టుకున్నాను. ఏడేళ్ల పిల్లవాడు, తండ్రి ధర్మవరం నేతగాడు, తల్లి పుట్టింటికి వెళ్లిపోయింది అనుకుందాం. బాబూ, మీ ఇంటి బొమ్మ వెయ్యి అని కాగితం ఇస్తాను. వాడు వేస్తాడు. ఇక చదువుతాను చూడండి.

'బాలుడు తండ్రిని నడుము వరకు భూమిలో పాతిపెట్టి చూపించాడు. తండ్రి పట్ల తీవ్రమైన శత్రుభావానికి ఇది సూచన. ఇంటి మధ్యలో ఇల్లంతా ఆక్రమించిన ఒక పెద్ద చెక్క పంజరం ఉంది. తల్లి ఒక చక్రం తిప్పుతూ కూర్చుని ఉంది. కుటుంబాన్ని తన గుప్పిట్లో తిప్పుకునే స్వభావం ఆమెది. గది నిండా దారాలు వేలాడుతున్నాయి, బాలుడు బంధనాల మధ్య నలుగుతున్నాడు. బొమ్మలో మంచం ఎక్కడా లేదు. ఇల్లు నివాసయోగ్యం కాదు.'

ఈ నమూనా ఒక ప్లీడరుగారికి చూపించాను. ఆయన ధర్మవరం మనిషే. కళ్లజోడు తీసి తుడుచుకుని, "అప్పా, అది గుంత మగ్గం. ఆయప్ప గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తాండాడు. ఆయమ్మ కండెలు చుడతాంది. మంచం పగలంతా గోడకు ఆనించి పెడతారు" అన్నాడు. నిజమేననుకోండి. కానీ ఇంటికి వెళ్లి చూసి రాసినవాణ్ణి ఎక్స్‌పర్ట్ అని ఎవరంటారు, పక్కింటోడంటారు.

దుకాణంలో బాగా కదిలే సరుకు ఇంకోటి ఉంది, అది దిగుమతి మాలు. పేరు 'పేరెంటల్ ఏలియనేషన్ సిండ్రోమ్'. 1985లో రిచర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికా సైకియాట్రిస్టు బిగించిన మూట. మన భాషలో చెప్పాలంటే 'పిల్లోనికి నూరిపోసినారు'. నూరిపోయడం అబద్ధమని నేననను. బస్టాండులో తండ్రి కనపడగానే అమ్మమ్మ మొహం చూసి, ఆమె కనుబొమ్మ లేచాక ఏడుపు మొదలెట్టిన పిల్లను నా కళ్లతో చూశాను. ఆ పిల్ల ఏడుపు కూడా నిజమే, అది వేరే సంగతి. కానీ నూరిపోశారో, నిజంగానే దెబ్బలు తిని భయపడ్డాడో తేల్చాలంటే ఇంటికి పోవాలి, బడికి పోవాలి, టీచరమ్మనడగాలి, పది రోజులు తిరగాలి. సిండ్రోముకు ఆ శ్రమ లేదు. నాన్న వద్దంటే నూరిపోశారు. నోరు మెదపకపోతే బాగా లోతుగా నూరిపోశారు. ఇద్దరూ కావాలంటే అలా చెప్పమని నూరిపోశారు. ఏ తాళానికైనా పట్టే చెవి ఇది.

వైద్యుల పట్టీల్లో దీనికి చోటు దొరకలేదన్నది నిజమే. అమెరికన్ మానసిక వైద్యులు 2013లో రోగాల పట్టీ కొత్తగా అచ్చేసినప్పుడు దీన్ని చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తన పట్టీ సూచికలోంచి ఆ మాటను తీసేసింది. 2023లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి రీమ్ అల్‌సలేం, కొట్టే భర్త మీద ఫిర్యాదు చేసిన తల్లుల చేతుల్లోంచి పిల్లల్ని లాగేయడానికి ఇది వాడుతున్నారని, కుటుంబ కేసుల్లో దీన్ని నిషేధించాలని నివేదిక ఇచ్చింది. అయితే 2017లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సిండ్రోము పేరెత్తింది. నాకు ఆ ఒక్క పేజీ జిరాక్సు చాలు, లామినేషను చేయించి గోడకు తగిలిస్తాను. అన్నట్టు, ఆ కేసులో పాపను తల్లికి అప్పగించారు. అది రెండో పేజీలో ఉంటుంది, రెండో పేజీ లామినేషను చేయించను.

పిల్లవాణ్ణే అడగొచ్చు కదా అంటారేమో. అడగకుండా పంచుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. 2022లో అనంతపురం జిల్లాను చీల్చేటప్పుడు జిల్లా కేంద్రం తమకే కావాలని హిందూపురం రోడ్డెక్కింది, ఎమ్మెల్యే బాలకృష్ణ మౌనదీక్ష పట్టారు. ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా పుట్టింది, కేంద్రం పుట్టపర్తికి పోయింది. పెద్దవాళ్లం మా గొంతే ఎవరికీ వినపడలేదు. ఏడేళ్ల పిల్లవాడిది వినపడుతుందా?

వినడానికి వీలుంది, అదే నా భయం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షను, తెలివి తెలిసిన వయసొస్తే పిల్లవాడి ఇష్టాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చంటుంది. హిందూ మైనర్ల సంరక్షణ గురించిన 1956 చట్టం 13వ సెక్షను పిల్లవాడి సంక్షేమమే అన్నిటికన్నా మిన్న అంటుంది. 2015లో లా కమిషను 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ, పెంపకం ప్రణాళిక అంటూ చాలా శ్రద్ధగా రాసింది. అది బీరువాలో ఉన్నంతకాలం నాకు ఢోకా లేదు. వాయిదాలూ నా పక్షమే. నాలుగేళ్ల పిల్లవాడికి రెండేళ్ల వాయిదాలంటే బతుకులో సగం. ఆ సగం వాడు కోర్టు వరండాలో బిస్కెట్ పాకెట్ పట్టుకుని, ఒక గంట నాన్నను 'విజిటేషను'లో చూసి గడుపుతాడు. ఆ గంటలో నాన్న సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు, సాక్ష్యానికి. అమ్మ దూరం నుంచి ఆ వీడియో తీయడాన్ని వీడియో తీస్తుంటుంది.

అంతా కుదిరిందనుకున్నాను. దుకాణం ఎల్లుండి తెరవాలి. నిన్న చెట్టు కింద టైపు కొడుతుంటే ఒక కేసు పిలిచారు. రెండు పక్షాలూ చెరో రిపోర్టు పట్టుకుని వచ్చాయి. ఒకదాంట్లో పిల్లవాడు తండ్రికి భయపడుతున్నాడు, ఇంకోదాంట్లో తల్లికి భయపడుతున్నాడు. జడ్జిగారు రెండూ పక్కన పెట్టి, ప్లీడర్లను బయట ఉండమని, పిల్లవాణ్ణి చాంబర్‌లోకి తీసుకురమ్మన్నారు. వాడు గుమ్మం దగ్గర మొరాయిస్తే, "వీనితో ఎవరొచ్చినారు?" అని అడిగారట. మూల కూర్చున్న జేజి లేచి, కొంగులో కట్టిన బొరుగుల మూట విప్పుతూ వాడి చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

ఇరవై నిమిషాలు తలుపు వేసే ఉంది. అంతసేపూ ఇద్దరు ప్లీడర్లూ, అమ్మా నాన్నా, నేనూ ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం.

కావలసినవారు సంప్రదించగలరు: రంగు పెన్సిళ్ల డబ్బా, సీలు తీయనిది. బుడ్డ కుర్చీ ఒకటి. టెడ్డీబేరు ఒకటి, రెండు కళ్లూ ఉన్నవి. బోర్డు మాత్రం అమ్మను. వెనకవైపు ఖాళీగా ఉంది, 'ఇక్కడ టైపు చేయబడును' అని రాయించుకుంటాను.