ఫోను పెట్టేసే హక్కు లేని మనిషి

వినేవారు తమకు తీరిక చిక్కినప్పుడు వినేందుకు వీలుగా ఇంటర్నెట్‌లో భాగాలు భాగాలుగా విడుదలయ్యే సంభాషణా కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్ అనీ, దాన్ని నడిపే వ్యక్తిని హోస్ట్ అనీ వ్యవహరిస్తారు. ఈ ప్రక్రియలో సామాన్యుల జీవితగాథలకే అంకితమైన శాఖ ఒకటుంది. ఆ శాఖకు పుట్టుకతోనే ఒక చిక్కు కూడా ఉంది. పిలిచేది సామాన్యుణ్ణి, ఆశించేది అసామాన్యమైన కథను. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, రిటైరై, ఏ అప్పూ తగాదా లేకుండా కాలం గడుపుతున్న పెద్దమనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే, ఆ బతుకులో మలుపు ఎక్కడుందో దొరక్క హోస్ట్ కంగారు పడతాడు. మలుపు లేకుండా అంతదూరం నెట్టుకురావడమే ఘనకార్యమన్న సంగతి ఆయనకు ఒక పట్టాన తట్టదు.

తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో ఈ చిక్కును విప్పే భారం థంబ్‌నెయిల్ మీద, అంటే వీడియో తెరవకముందే కనిపించే బొమ్మ మీద పడింది. లోపల అతిథి తన మొదటి దుకాణం మూతపడిందని నెమ్మదిగా చెబితే, బొమ్మలో ఆయన రోడ్డున పడతాడు. ముఖం పక్కన ఎర్రబాణం, దానికింద మూడు ఆశ్చర్యార్థకాలు చేరతాయి. "మీ జర్నీ ఎలా స్టార్ట్ అయింది?" అన్న తొలి ప్రశ్నకు తెలుగువాడు తన పుట్టుకతో మొదలుపెట్టడు, తాతగారి పొలంతో మొదలుపెడతాడు, పదో తరగతి మార్కులు, ఎంసెట్ ర్యాంకు, తిరస్కరణకు గురైన వీసా వరసగా దాటుకుని అసలు సంగతి గుమ్మంలోకి వచ్చేసరికి, హోస్ట్ గడియారం చూసి "ఫైనల్‌గా మన వ్యూయర్స్‌కి ఏం చెబుతారు?" అని తలుపు మూసేస్తాడు. జవాబు కన్నా ప్రశ్నే పొడవుగా సాగే ఇంటర్వ్యూలూ లేకపోలేదు; వాటిలో అతిథి బాధ్యత "అవునండీ" అనడంతో తీరిపోతుంది కనుక, శ్రమ దృష్ట్యా అవే మేలనవచ్చు.

పాడ్‌కాస్ట్ అన్న మాట పుట్టకముందే ఈ విద్యలో ఆరితేరిన అమెరికన్ రేడియో ప్రయోక్త స్టడ్స్ టెర్కెల్ (1912–2008) పద్ధతి వేరు. న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని వకీలు కాకుండా తప్పించుకున్న ఆయన, 1952 నుంచి 1997 వరకు షికాగోలోని డబ్ల్యూఎఫ్‌ఎమ్‌టీ రేడియోలో కార్యక్రమం నడిపారు. అంతటితో ఆగక టేప్ రికార్డర్ వెంటబెట్టుకుని హోటల్లో వడ్డించే ఆమెనూ, ఉక్కు కార్మికుణ్ణీ, సమాధులు తవ్వే మనిషినీ వెతుక్కుంటూ వెళ్లి, వారు తమ పని గురించి చెప్పిన మాటలతో 1974లో ‘వర్కింగ్’ అన్న గ్రంథం వెలువరించారు. శాసనాలకూ ఆఫీసు ఫైళ్లకూ ఎక్కని సంగతులను మనుషుల నోటి నుంచే సేకరించే ఈ పద్ధతిని మౌఖిక చరిత్ర అంటారు. ఇంతటి చరిత్రకారుడికి యంత్రాలంటే మాత్రం బొత్తిగా చేతకాదు. ఏనాడూ కారు నడపలేదు. నొక్కవలసిన మీట ఒకటైతే నొక్కేది మరొకటి కావడంతో, సుప్రసిద్ధ నర్తకి మార్తా గ్రాహమ్‌తో జరిపిన సంభాషణ అంతా చెరిగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. అయితే టేపు తిరగడం లేదని ఎదుటి మనిషే చూసి చెప్పి, సరిచేసి, ఈయనకన్నా తానే నయమనుకున్న క్షణం నుంచి ఆ మనిషికి బెరుకు పోయేదట. అచ్చంగా పనిచేసే పరికరాలతో, నాలుగు దీపాల మధ్య, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చోబెట్టే నేటి స్టూడియోలకు ఈ సౌకర్యం లేదు.

టెర్కెల్ తరచు చెప్పిన ఉదంతం ఒకటుంది. పేదల కోసం కట్టిన ఇళ్ల సముదాయంలో ఒక తల్లితో మాట్లాడి ముగించాక, చుట్టూ గెంతుతున్న పిల్లలు అమ్మ గొంతు వినాలని పట్టుబట్టారు. టేపు వెనక్కి తిప్పి వినిపిస్తే, తన గొంతు తాను ఎన్నడూ వినని ఆ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తనలో అలాంటి ఆలోచన ఉందని తనకే ఇంతవరకు తెలియదన్నది. ఇది వ్యూయర్స్ కోసం అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు కాదు.

తొంభై ఒకటో ఏట, 2003లో, న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్‌లో స్టోరీకార్ప్స్ సంస్థ నెలకొల్పిన తొలి రికార్డింగ్ గదికి రిబ్బను కత్తిరించినదీ ఈయనే. ఆ స్టేషన్‌కు నమూనా గీసినవారి పేర్లు దొరుకుతాయి గానీ ఇటుకలు పేర్చినవారూ నేల ఊడ్చినవారూ ఎవరని ఆయన ఆనాడు అడిగారు. డేవ్ ఐసే స్థాపించిన ఈ సంస్థ పద్ధతిలో హోస్టే ఉండడు. తెలిసినవారు ఇద్దరు నలభై నిమిషాలు ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు.

హోస్టును ఉంచి, అతని అధికారాన్ని మాత్రం ఊడబెరికిన ఘనత హాస్యనటుడు క్రిస్ గెథర్డ్‌ది. 2016లో ఆయన ప్రారంభించిన ‘బ్యూటిఫుల్/అనానిమస్’ అన్న పాడ్‌కాస్ట్‌లో పేరు చెప్పని ఒక వ్యక్తి ఫోను చేసి గంటసేపు మాట్లాడవచ్చు. విసుగొస్తే ఆ వ్యక్తి ఎప్పుడైనా పెట్టేయవచ్చు గానీ, ఎంత విసుగొచ్చినా గెథర్డ్ మాత్రం ముందుగా పెట్టేయరాదు. ఈ నియమంలోని సూక్ష్మం తెలుగు ఇళ్లకు తెలియనిది కాదు. పిన్నిగారు "సరే, ఉంటానమ్మా మరి" అన్నాక ఫోను ఇంకో ఇరవై నిమిషాలు సాగడమూ, ఎవరి సంబంధం చెడిందో, ఎవరి స్థలం కోర్టుకెక్కిందో ఆ ఇరవై నిమిషాల్లోనే బయటపడటమూ అనుభవసిద్ధం. కుశలప్రశ్నలు అయిపోవాలి, చెప్పదలచుకున్నవి అయిపోవాలి, అవతలివాడు పారిపోలేదని నమ్మకం కుదరాలి; అసలు కథ ఆ తర్వాతే కదులుతుంది.

పెట్టేయరాదన్న నియమం తెలుగునాట కొట్టినపిండే గానీ, పేరు చెప్పరాదన్నది ఐదు నిమిషాలైనా నిలవదు. "మీది ఏ ఊరండీ?" అని అడగకుండా హోస్ట్ ఉండలేడు, ఊరు దాచినా యాస దాగదు. "మా మేనత్తగారిదీ ఆ పక్కే, బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు" అని అతడు అనగానే, "ఆ షాపు మా బావగారిదేనయ్యా!" అని అటునుంచి వినిపిస్తుంది. గోప్యంగా ఉండవలసిన ఆ మహిళ వరసకు వదినగారని తేలుతుంది. జీవితగాథ అక్కడితో ఆగి, చెల్లెలి పెళ్లికి పిలుపైనా లేదన్న నిష్ఠూరం మొదలవుతుంది. గంట ముగియడానికి ఇంకా యాభై నిమిషాలుంటుంది, ఫోను పెట్టేసే హక్కు హోస్టుకు ఎలాగూ లేదు.