పసుపు పొట్లం అంకుల్

హైదరాబాద్‌లో ఇరవై ఫ్లాట్లున్న ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఆయన ఉంటాడు. ఆయనకూ ఒక పేరుంటుంది, గేటు పక్కన బోర్డు మీద ఇంటి పేరుతో సహా ఉంటుంది. కానీ ఎవరికీ గుర్తుండదు. పిల్లలకు వాటర్ అంకుల్, పనివాళ్లకు నీళ్ల సారు. మిగిలినవాళ్లు చాటుగా పిలిచే పేర్లు పత్రికలో అచ్చు వేయదగ్గవి కావు.

వయసు అరవై దాటి ఉంటుంది. ఆడిట్‌లోనో, బ్యాంకులోనో, లెక్క తప్పితే నిద్రపట్టని మరో కొలువులోనో చేసి రిటైరయ్యాడు. గళ్ల లుంగీ, జేబున్న బనీను. ఆ జేబులో ఒక టార్చిలైటు, పెన్నంత టీడీఎస్ మీటరు, చిన్న పసుపు పొట్లం. మొదటి రెండూ ఎందుకో ఊహించుకోవచ్చు. పొట్లం సంగతి తర్వాత.

నల్లా వచ్చే రోజున ఆయనకు అలారం అక్కర్లేదు. చీకటితోనే దిగి సంపు మూత ఎత్తి చెవి వంచుతాడు. నీళ్లు పడుతున్న చప్పుడును బట్టి ఇవాళ సంపు ఎన్ని అంగుళాలు ఎక్కుతుందో చెప్పేస్తాడు. ఊళ్లో చాలామందికి ఆ నీళ్లు ఇప్పటికీ ‘మంజీరా నీళ్లే’. అందులో కృష్ణ ఎంత, గోదావరి ఎంత అని ఆలోచించేవాడు ఆయనొక్కడే. సెల్లార్లో ఎవరైనా పైపు పట్టుకుని కారు కడుగుతూ దొరికితే ఆ ఆలోచన బయటికొస్తుంది.

“ఈ కృష్ణ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలుసా బాబూ? నాగార్జునసాగర్ నిండుగా ఉంటే నీటి మట్టం 590 అడుగులు. మనం సముద్ర మట్టానికి 1,700 అడుగులకు పైన ఉన్నాం. వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో ఎగదోసుకుంటూ తెస్తే, నువ్వు దాంతో టైరు కడుగుతున్నావ్.”

డ్రైవరు పైపు కట్టేస్తాడు. ఉపన్యాసం కట్టడం ఆయన చేతిలో కూడా ఉండదు. 1908లో మూసీ వరద, ఆ తర్వాత విశ్వేశ్వరయ్య రాక, 1920కి గండిపేట చెరువు, 1927కి హిమాయత్‌సాగర్, అక్కణ్నుంచి మంజీరా... కారు ఆరిపోయేదాకా సాగుతుంది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని నానుడి. ఆ ఉపన్యాసం విన్న డ్రైవర్లలో మాత్రం ఇద్దరు ఉద్యోగం వదిలేశారు.

ఈయన అనంతపురం వైపువాడని జనం అనుకుంటారు. నిజానికి కోనసీమ. ఇంటి ముందు పంటకాలువ, పెరట్లో బావి, చిన్నప్పుడు నీళ్లకు కొలత ఉంటుందనే తెలియదు. మార్పు వచ్చింది ఒక వేసవిలో బోరు ఎండిపోయి 5,000 లీటర్ల ట్యాంకర్లకు క్యూ కట్టినప్పుడు. ఒక ట్యాంకరును ఇరవై ఫ్లాట్లకు పంచితే ఇంటికి 250 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే ఇద్దరికి కూడా చాలవు! ఆ లెక్క వేసిన రాత్రి ఆయన పడుకోలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

ఆయన భాష కూడా వేరు. “వాడు డబ్బు నీళ్లలా ఖర్చు పెడతాడు” అంటే, “అబ్బో, అంత పొదుపరా!” అంటాడు.

మొదటి యుద్ధం కారే కుళాయిల మీద. 302లో వంటింటి కుళాయి సెకనుకో చుక్క కారుతోందని తెలిసి దగ్గుమందు సీసా మూత పట్టుకుని వెళ్లాడు. 10 మిల్లీలీటర్ల గీత దాకా నిండటానికి సరిగ్గా నిమిషం. “గంటకు 600 మిల్లీలీటర్లు, రోజుకు 14 లీటర్ల 400. నెలకు 432 లీటర్లమ్మా!” అని వంటింట్లోనే నిలబడి తేల్చాడు. ఆవిడ పోపు మాడిపోతున్నా ఓపిగ్గా విని, “వాషరెంత అంకుల్?” అంది. పది రూపాయల వాషరు వేయడానికి ప్లంబరు వంద అడుగుతాడు, అదీ మూడు రోజులకు వస్తాడు. అందుకే ఆయన స్పానరు కూడా కొనుక్కున్నాడు. వాచ్‌మన్‌ది పాలమూరు. ఏ కుళాయి బాగైనా వచ్చి చెప్పిపోతాడు: “సార్, నల్లా మంచిగైంది. ఒక్క చుక్క పడుతలేదు.” ఆ మాటకు ఆయన ముఖం చూడాలి, మనవడు పుట్టాడన్న కబురు విన్నట్టుంటుంది.

తర్వాత ఏరేటర్ల కాలం వచ్చింది. కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ అది. నీళ్లలో గాలి కలుపుతుంది, ధార నిండుగానే కనిపిస్తుంది, పడేది మాత్రం మూడో వంతో సగమో. 2024 వేసవిలో బెంగళూరులో వ్యాపార సంస్థలకు వీటిని తప్పనిసరి చేశారు. తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా కూడా పెట్టారు. పేపర్లో అది చదివిన ఆనందంలో ఈయన బస్తాడు ఏరేటర్లు తెప్పించి వాష్‌బేసిన్లకు, వంటింటి సింకులకు బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. బాత్రూముల్లో బకెట్టు నింపే కుళాయిలకూ పెట్టేశాడు. మర్నాడు పొద్దున 203 ఉద్యోగి టవలు చుట్టుకుని, నురగ ఆరిపోతున్న తలతో, బకెట్టు ఎప్పుడు నిండుతుందా అని మూడు నిమిషాలు నిలబడ్డాడు. ఆ ఇంటి తొమ్మిదో తరగతి పిల్ల లిఫ్టు దగ్గర అడిగింది. “అంకుల్, బకెట్టు నిండటానికి ఎంతసేపు పట్టినా అందులో పట్టేది పదిహేను లీటర్లేగా? మరి ఏం మిగిలింది?”

ఆయన మూడు అంతస్తులు మెట్లెక్కి వెళ్లాడు. ఆ సాయంత్రమే బాత్రూముల్లోవి ఊడదీశాడు. ఈ గుణం చాలామంది సంస్కర్తలకు ఉండదు, అందుకని చెప్పాల్సి వచ్చింది.

షవరు మీద ఆయనకున్న ద్వేషం వేరే వ్యాసానికి సరిపోతుంది. నిమిషానికి పది లీటర్లు, ఎనిమిది నిమిషాలు, ఎనభై. బకెట్టూ చెంబూ అయితే ఇరవైలో పని అయిపోతుంది. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్క నొక్కుకు పది లీటర్లు వదులుతుందని, మొదట్లో అందరి ట్యాంకుల్లోనూ తలా ఒక ఇటుక పెట్టించాడు. రెండు నెలలకు ఇటుక నాని, పొడి రాలి, అడుగున వాల్వులో ఇరుక్కుని మూడు ఇళ్లలో నీళ్లు ఆగకుండా కారాయి. ఇప్పుడు ఇటుక బదులు ఇసుక నింపి బిగించిన లీటరు సీసా. కొత్తవాళ్లు రెండు బటన్లవి పెట్టించుకుంటున్నారు, చిన్నదానికి మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు. వచ్చిన చుట్టాలు రెండూ కలిపి నొక్కుతారు.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఆర్వో ఫిల్టర్ మిషన్ల కోసం. మామూలు ఇంటి ఆర్వో లీటరు నీళ్లు ఇచ్చి మూడు లీటర్ల దాకా బయటికి పారబోస్తుంది. టీడీఎస్ 500 లోపుంటే ఆర్వో అక్కర్లేదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిన మాట ఆయనకు కంఠతా వచ్చు. ఏ ఇంటికి కాఫీకి పిలిచినా ముందు మంచినీళ్ల గ్లాసులో మీటరు ముంచుతాడు. నల్లా నీళ్లే సంపుకొచ్చే ఇంట్లో ఆర్వో కనపడితే కాఫీ సగంలో వదిలేస్తాడు. బోరు నీళ్లయితే క్షమిస్తాడు, పారబోసే నీళ్ల గొట్టం కింద బకెట్టు ఉంటేనే. ఒక పెళ్లి భోజనంలో చారులోనూ ముంచాడట. మీటరు చేతులెత్తేసింది.

వీళ్లావిడకు ఈ సిద్ధాంతాలేవీ లేవు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు, మిషన్ రెండోసారి జాడించిన నీళ్లు బాల్కనీ కడగడానికి, ఏసీ గొట్టం కింద బొక్కెన. మిషనూ ఏసీ కొత్తవి గానీ, పద్ధతి మాత్రం ఈయన పుట్టక ముందునుంచీ ఆవిడ వాళ్లమ్మదే. సొసైటీ మీటింగులో అవన్నీ ‘మన ప్రయోగాలు’ అని ఈయన చెప్పుకుంటుంటే ఆవిడ చీర కొంగు సర్దుకుంటూ వింటుంది.

ఇక పసుపు. కారే కుళాయికి చప్పుడుంటుంది, కారే ఫ్లష్‌కు ఉండదు. లోపలి వాల్వు అరిగితే గోడ వెంబడి సన్నగా జారిపోతూనే ఉంటుంది, రోజుకు వందల లీటర్లు పోయినా ఇంట్లో ఎవరికీ తెలియదు. దానికి మందు ట్యాంకులో చెంచాడు పసుపు కలిపి ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడటం. కింద పింగాణీ మీద పచ్చ గీత కనిపించిందా, దొరికినట్టే. నెలకోసారి, ఆదివారం ఉదయం, అంతస్తుల వారీగా ఈ కార్యక్రమం. ఆ ఇరవై నిమిషాలు తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కొత్తగా అద్దెకు దిగిన 105 వాళ్లు గుమ్మంలో పసుపు పొట్లంతో నిలబడ్డ పెద్దాయన్ను చూసి, పేరంటం పిలుపుకు ఆడవాళ్లెవరూ రాలేదేమిటని ఆశ్చర్యపోయారు.

ఇన్ని చేసినా నెలవారీ నీళ్ల ఖర్చు అనుకున్నంత తగ్గలేదు. కారణం అందరికీ తెలుసు. జలమండలి 2021 నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమంది. అది అయిదుగురు రోజుకు 135 చొప్పున వాడితే దాదాపు సరిపోయే లెక్క. దాన్ని దాటినదీ, ట్యాంకర్లదీ, బోరు కరెంటుదీ ఇరవైతో భాగించి మెయింటెనెన్సులో కలిపేస్తారు. ఇద్దరున్న 303కూ, ఏడుగురున్న 101కూ ఒకటే వాటా. ఎవడు పొదుపు చేసినా లాభం ఇరవై ముక్కలవుతుంది. ఎవడు పారబోసినా నష్టం కూడా అంతే.

కనుక ఇంటింటికీ మీటరు పెడదామని సొసైటీ మీటింగులో 303 అమ్మాయి లేచి అంది. 101 వాళ్లు నీళ్లు నమిలారు. ఆ నీళ్లు వృథా కావడం లేదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అందరూ అంకుల్ వైపు చూశారు, ఆయన ఎగిరి గంతేస్తాడనుకుని. ఆయన లేచి, “సాంకేతికంగా చాలా కష్టం” అన్నాడు. పాత కట్టడం, ట్యాంకు నుంచి వంటింటికి ఒక లైను, రెండు బాత్రూములకు రెండు, బాల్కనీకి ఒకటి. ఇంటికి నాలుగు మీటర్లు, మొత్తం ఎనభై. చెప్పింది నిజమే. చెప్పిన గొంతులో మాత్రం వేరే దిగులుంది. ఎవరి మీటరు వాళ్లకుంటే ఎవరి కుళాయి వాళ్లే కట్టుకుంటారు. ఇక స్టూలెవరికి, పొట్లమెవరికి?

మీటర్లు వచ్చాయి. నాలుగు నెలల్లో ట్యాంకర్లు సగానికి పడిపోయాయి. 101లో షవరుకు తాళం వేసినంత పని చేశారు. మీటర్లు పెట్టిన కొత్తలో అంకుల్ వారం రోజులు కిందికి దిగలేదు. ఎనిమిదో రోజు సెక్రటరీ వచ్చి, ఎనభై మీటర్ల రీడింగు తీసి రాయడానికి ఎవరూ దొరకడం లేదండీ అన్నాడు. ఆ సాయంత్రమే ఆయన కొత్త నోటుబుక్కు కొన్నాడు, ఎర్ర గీతలున్నది.

మీటరు అద్దం కింద, అంకెల పక్కన గోరంత ఎర్ర నక్షత్రం ఒకటుంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసినా అది తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టు. మొన్న రాత్రి డాబా మీద టార్చి వేసుకుని రీడింగు తీస్తుంటే, తాళం వేసి గుంటూరు పెళ్లికి వెళ్లిన 404 వాళ్ల రెండో మీటరులో నక్షత్రం నెమ్మదిగా, తీరిగ్గా తిరుగుతోంది. వెంటనే ఫోను కొట్టాడు. అవతల సన్నాయి, డోలు.

“బాబూ, మీ ఇంట్లో ఎవరూ లేరుగా? మరి నీళ్లెవరు వాడుతున్నారు?”

“ఆఁ? వినపడట్లేదు అంకుల్!”

“పసుపు! వచ్చాక ముందు పసుపు సంగతి చూడాలి!”

“పసుపు కొట్టడం మొన్ననే అయిపోయింది అంకుల్,” అన్నాడు 404 అబ్బాయి అరుస్తూ, “ఇప్పుడు జీలకర్ర బెల్లం జరుగుతోంది!”