రెండేళ్ల గ్రీన్ కార్డును పోగొట్టుకునే ఉపాయాలు

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల అమెరికా సంబంధం కలుపుకున్న ఇళ్లకు ఇప్పుడు కొదవ లేదు. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లను పెళ్లాడి కొత్తగా వెళ్లిన మన పిల్లల్లో చాలామంది చేతికి ముందుగా వచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. ఆ షరతు తీయించడానికి అక్కడ లాయర్లు బోలెడంతమంది ఉన్నారు. ఉన్న కార్డును చేజేతులా ఎలా పోగొట్టుకోవాలో చెప్పేవాళ్లే కరువయ్యారు. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు. నా సొంతం ఒక్కటీ లేదు. అన్నీ పెళ్లి పందిళ్లలో, ఆర్టీసీ బస్సుల్లో, టీ కొట్ల దగ్గర ఫీజు లేకుండా దొరికేవే.

ముందుగా, కార్డు రాగానే దాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేయండి. పొరపాటున కూడా చదవకండి. చదివితే సీఆర్1 అనో సీఆర్6 అనో కనిపిస్తుంది. అంటే పెళ్లయి రెండేళ్లు నిండకముందే శాశ్వత నివాసం దక్కిందనీ, కార్డు రెండేళ్లకే చెల్లుతుందనీ అర్థం. గడువు ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో, ఆలుమగలిద్దరూ సంతకాలు చేసి ఫారం ఐ-751 పంపాలి. మీరు మాత్రం పెళ్లిరోజు నుంచి లెక్క పెట్టుకోండి. కార్డు మీది తేదీ వేరు, ముహూర్తం వేరు అని ఎవరన్నా అంటే, "పెండ్లి మాదా, వాళ్లదా?" అని గదమాయించండి.

పంచాంగం కూడా దగ్గర పెట్టుకోండి. ఆ 90 రోజుల్లో శుక్ర మూఢం పోను, ఆషాఢం పోను, అమావాస్యలు, అష్టమి నవములు పోను మిగిలిన మంచిరోజు గురువారం వర్జ్యంలో పడితే ఇక ఆ ఏటికి వదిలేయండి. అమెరికా వలస శాఖకు మూఢం పట్టింపు లేదు, గడువు పట్టింపు మాత్రం ఉంది. గడువు దాటితే హోదా దానంతటదే రద్దవుతుంది, వ్యవహారం వలస కోర్టుకు పోవచ్చు. ఆలస్యానికి సరైన కారణం రాసిస్తే మన్నించే వీలుంది. "మూఢమని ఆగినాము" అని రాయండి. చదివే అధికారికి కొత్తగా ఉంటుంది.

ఇక్కడే ఇంకో చిన్న ఉపాయం. ఈ వలస వీసాలు హైదరాబాద్‌లో ఇవ్వరు, ముంబై కాన్సులేట్‌కే పోవాలి. వీసా వచ్చి, విమానమెక్కి దిగేసరికి ఒక్కోసారి పెళ్లయి రెండేళ్లు దాటిపోతుంది. అప్పుడు ఆ సంగతి అక్కడి విమానాశ్రయ అధికారికి చెబితే షరతుల్లేని పదేళ్ల కార్డు రావాలి. అందుకే చెప్పకండి. పెద్ద ఆఫీసర్లతో మనకెందుకు?

ఇక సాక్ష్యాలు. ఈ విషయంలో మన సీమవాళ్లను మించినవాళ్లు లేరు. అహోబిలం నరసింహస్వామే కనుమనాడు పల్లకి ఎక్కి, నలభై రోజులు ఊరూరూ తిరిగి తన కల్యాణానికి జనాన్ని పిలుచుకుంటాడు. ఆ పారువేట చూస్తూ పెరిగిన మనం వెయ్యిమందికి తక్కువ పిలుస్తామా? కాబట్టి ఐదు ఆల్బములు, డ్రోన్ వీడియో, ఫంక్షన్ హాలు బిల్లు, బంగారం రసీదులు, ఆకు వేసి వడ్డించినవాడి ఫోటోతో సహా పంపండి. పంపి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోండి. అధికారికి మీ పెళ్లి జరిగిందన్న దాంట్లో అనుమానమే లేదు. అది వీసా ఇచ్చిన నాడే ఒప్పుకున్నారు. అతను అడిగేది ఆ తర్వాత రెండేళ్ల కాపురం ఏదని. ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, జీతాలు పడి ఖర్చులు పోయే ఉమ్మడి బ్యాంకు ఖాతా, కలిపి వేసిన పన్ను రిటర్నులు, ఒకరి ఆరోగ్య బీమాలో ఇంకొకరి పేరు, కారు బీమా, కరెంటు బిల్లు, బిడ్డ పుడితే జనన ధ్రువపత్రం.

ఇవేవీ పుట్టకుండా చూసుకోవడంలోనే మీ నేర్పంతా ఉంది. కష్టమేమీ కాదు, మన పద్ధతుల్లో పోతే చాలు. ఇల్లు బావగారి పేరు మీద ఉంచండి. ఖాతా అబ్బాయి పేరు మీద. "మా కోడలికి ఏ బాధా పెట్టం, బ్యాంకు పనులు, బిల్లులు అన్నీ మావోడే చూసుకుంటాడు" అని ఆళ్లగడ్డలో నలుగురి దగ్గరా గర్వంగా చెప్పుకోండి. అమ్మాయికి కారు నేర్పకండి. ఆమె పేరున ఒక్క ఉత్తరం కూడా రాని ఇంట్లో రెండేళ్లు ఉంచితే, కాపురం నిజమైనా కాగితం మీద ఆమె చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది. ఫైలు పంపే వారం ముందు ఉమ్మడి ఖాతా తెరిచి వంద డాలర్లు వేయండి. ఎవరికీ అనుమానం రాదని మీకు మీరే ధైర్యం చెప్పుకోండి.

ఆ కాపురాన్ని దగ్గర నుంచి చూసిన ఇద్దరి చేత అఫిడవిట్లు రాయించవచ్చు. అమెరికాలో పక్కింటివాళ్లో, ఆఫీసు స్నేహితులో అయితే బాగుంటుంది. మనకు అంతకంటే మంచి దారి ఉంది, ఎమ్మెల్యేగారి లెటర్ హెడ్. తిరుమలలో బ్రేక్ దర్శనానికి పనిచేసిన కాగితం అమెరికాలో పనిచేయదా? అధికారి దాన్ని ఫైల్లో పెట్టి పక్క పేజీ తిప్పుతాడు.

లాయరెందుకు? ఫారం నింపడానికి కన్సల్టెన్సీ ఉంది కదా! అమెరికాలో నోటరీ అంటే సంతకం చూసి ముద్ర వేసేవాడే, న్యాయవాది కాడు. వలస కేసుల్లో సలహా ఇచ్చే అధికారం లైసెన్సున్న అటార్నీకో, అక్కడి న్యాయశాఖ గుర్తించిన సంస్థల ప్రతినిధికో మాత్రమే ఉంది. ఆ సంస్థలు కొన్ని నామమాత్రపు రుసుముకే పని చేస్తాయి. ఈ సంగతి మీ అమ్మాయికి తెలియనివ్వకండి.

ఫారం అందగానే వచ్చే రసీదును చింపేయండి. అది కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తుంది. తమ్ముడి పెళ్లికి నంద్యాల వచ్చేటప్పుడు దాన్ని అమెరికాలోనే వదిలేసి వస్తే, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ కౌంటరు దగ్గర గడువు దాటిన కార్డు పట్టుకుని నిలబడే యోగం ఉంటుంది.

అబ్బాయి తల్లిదండ్రులకు ప్రత్యేక సలహా. "నీ కార్డు మావోని సంతకం మీద ఉంది, గుర్తుపెట్టుకో" అని కోడలికి ఫోన్లో వారానికోసారి చెప్పండి. ఆమె నమ్మినంత కాలం పనిచేస్తుంది. ఈ రెండేళ్ల షరతు పెట్టిన చట్టం 1986లో వచ్చింది. ఒంటరిగా దరఖాస్తు చేసుకునే దారులు కూడా అందులో ఉన్నాయి. విడాకులైనా, మంచి మనసుతోనే చేసుకున్న పెళ్లని చూపిస్తే చాలు. కొట్టినా, క్రూరంగా హింసించినా విడాకుల దాకా కూడా పోనక్కర్లేదు. ఈ దరఖాస్తులకు 90 రోజుల నియమం లేదు, భర్త సంతకం అసలే లేదు. పోలీసు రిపోర్టు, డాక్టరు కాగితం, కౌన్సెలర్ ఉత్తరం, ఆ ఫోన్ మాటల రికార్డు, అన్నీ ఆమె ఫైల్లోకి పోతాయి. బెదిరించే అత్తమామలు సాక్ష్యం తామే సరఫరా చేస్తున్నారన్న మాట.

విడాకులంటారా, ఊళ్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వంద రూపాయల స్టాంపు పేపరు మీద తెంపేయండి. వలస శాఖ కోర్టు తుది డిక్రీ అడుగుతుంది. పోనీ అక్కడి కోర్టులోనే ఏకపక్షంగా తెచ్చుకుంటే? కార్డుకు అది పనికిరావచ్చు. ఇక్కడ రెండో పెళ్లికి మాత్రం తొందరపడకండి, లేదా మా పద్ధతిలో తొందరపడండి. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒకాయన అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. భార్య కేసు పెట్టింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది.

చివరిది కాగితం పెళ్లి. "రెండేండ్లు ఓర్చుకుంటే సరి, ఆ పైన ఎవరి దారి వాళ్లది" అని చెప్పే దళారీ మాట నమ్మండి. అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆ తర్వాత నిజంగా ప్రేమించి పెళ్లి చేసుకున్నా, ఆ భర్తో భార్యో పెట్టే దరఖాస్తు కూడా మంజూరు కాదు.

వీటిలో ఏ ఒక్కటైనా మీ ఇంట్లో ఇప్పటికే అమలవుతుంటే, ఈ సలహాలు పక్కన పెట్టి ఈ రాత్రే అమ్మాయికి ఫోన్ చేయండి. అక్కడ తెల్లవారి ఉంటుంది. బీరువా తీసి కార్డు మీది తేదీ చదివి వినిపించమనండి.