ముందు వరుస

ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు పరిచర్యకు మనుషులు కావాలని అడుగుతారు. పాడగలిగినవాళ్ళు, సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాళ్ళు, ప్రేమవిందుకు వంట చూసుకునేవాళ్ళు, మైకు సంగతి తెలిసినవాళ్ళు ఎవరున్నారంటారు. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుణ్ణి గుర్తుచేస్తారు. కాగితం మీదికి పేర్లు వస్తాయి, సంతోషం. ఆ పూట మంచం మీద నుంచి లేవలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళ దగ్గరికి మాత్రం ఆ కాగితం వెళ్ళదు. వాళ్ళను మనం పరామర్శించాల్సినవాళ్ళ కింద రాసుకుంటాం. వాళ్ళ దగ్గర సంఘానికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదని ఎవరు తేల్చారో నాకు అర్థం కాదు. కలకత్తాలో ఒకావిడ అలా తేల్చలేదు.

1948లో లొరెటో కాన్వెంటు విడిచి బయటికొచ్చిన మదర్ తెరిసా, బస్తీల్లోకి దిగేముందు పాట్నా వెళ్ళారు. అక్కడ మెడికల్ మిషన్ సిస్టర్ల ఆసుపత్రిలో రోగులకు చేయాల్సిన సేవ నేర్చుకున్నారు. అప్పుడే ఆమెను వెతుక్కుంటూ బెల్జియంకు చెందిన జాక్లిన్ డి డెకర్ వచ్చారు. లూవాన్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనిషి, నర్సింగ్ పని తెలుసు. అప్పటికే మద్రాసులో పేదల మధ్య ఉంటూ వాళ్ళకు సేవ చేస్తున్నారు. ఇద్దరి కోరికా ఒకటే. కలకత్తాలో కలిసి పనిచేద్దామనుకున్నారు. ఒక్క అడ్డు ఉంది. పదిహేనేళ్ళ వయసులో నీళ్ళలోకి దూకినప్పుడు తగిలిన దెబ్బ, జాక్లిన్ వెన్నెముకను పట్టుకునే ఉంది. వైద్యం చేయించుకుని తిరిగొచ్చేస్తానని ఆమె ఆంట్‌వెర్ప్ వెళ్ళారు.

తిరిగి రాలేకపోయారు. ఆపరేషన్ మీద ఆపరేషన్, ఒళ్ళంతా ప్లాస్టర్ కట్టు, నెలల తరబడి మంచం.

ఇక్కడ కలకత్తాలో 1950 అక్టోబర్ 7న మదర్ మొదలుపెట్టిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి కాథలిక్ సభ అనుమతి దొరికింది. క్రీక్ లేన్‌లో గోమెజ్ కుటుంబం వాళ్ళ ఇంటి పై అంతస్తులో కొద్దిమంది అమ్మాయిలతో మొదలైన సంఘం అది. చేరాలంటే కావలసినవి నాలుగే: ఒంటికీ మనసుకీ ఆరోగ్యం, నేర్చుకునే శక్తి, ఇంగితం, నవ్వే ముఖం. ఆరోగ్యం ముందు అడగడంలో కాఠిన్యమేమీ లేదు. 1952 ఆగస్టులో కాళీఘాట్ గుడి పక్కనే నిర్మల్ హృదయ్ తెరిచారు. వీధుల్లో ప్రాణం పోతున్నవాళ్ళను ఎత్తి తీసుకురావాలి, పుళ్ళు కడగాలి, బట్టలు ఉతకాలి, కొందరికి చివరి గుక్క నీళ్ళు పట్టాలి. ఒంట్లో బలం లేనివాళ్ళు ఆ పని ఎన్నాళ్ళు చేస్తారు? ఆ లెక్కన జాక్లిన్ మొదటి షరతు దగ్గరే ఆగిపోయారు. పిలుపు విని అంత దూరం వచ్చి, పని అందబోతుండగా వెనక్కి వెళ్ళిపోవాల్సి వచ్చిన మనిషికి జీవితమే ఓడిపోయినట్టు ఉంటుంది. ఆమెకూ అలాగే అనిపించింది.

1952 చివర్లో కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. కుదుటపడమని, దేవుని చిత్తమని రాసి ఊరుకోవచ్చు. మదర్ అలా ఊరుకోలేదు, పని అప్పగించారు. ఒక్కొక్క సిస్టరుకు ఒక్కొక్క రోగిని జతచేయాలి. సిస్టరు కాళీఘాట్‌లో పనిచేస్తుంటే, ఆ రోగి తన మంచం మీదే ఆమె కోసం ప్రార్థించాలి, తన బాధను ఆమె పని కోసం దేవునికి అర్పించాలి. ఇద్దరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవాలి. మదర్ తన జతగా జాక్లిన్‌నే ఎంచుకున్నారు, తన రెండో ప్రాణంగా చూసుకున్నారు. మిగతా జతలు వెతికే బాధ్యత కూడా ఆమెదే. జాక్లిన్ తన చుట్టూ ఉన్న రోగులతోనే మొదలుపెట్టారు. కలకత్తాలో కొత్తగా సిస్టర్లు చేరినకొద్దీ ఇంకో దేశంలో ఇంకో మంచం మీద ఉన్నవాళ్ళ పేర్లు వాళ్ళ పక్కన చేరాయి. సంఘం దేశదేశాలకు పాకింది, జతలు వేలల్లోకి వెళ్ళాయి. నొప్పి తగ్గని శరీరంతోనే జాక్లిన్ ఆ ఉత్తరాల పని దశాబ్దాల పాటు నడిపారు.

సిస్టర్ల వెనక ప్రార్థించే ఈ రెండో వరుసలో ఎవరిని చేర్చుకోవాలన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. తన సిస్టర్లకు ఆరోగ్యాన్ని మొదటి షరతుగా పెట్టిన మదర్, 1953 జనవరిలో దానికీ జవాబు రాశారు. రావాలనుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చట. కానీ తనకు ముఖ్యంగా కావలసింది పక్షవాతంతో కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళు, వికలాంగులు, ఏ మందుకూ నయం కానివాళ్ళు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వాళ్ళ తర్వాతే.