ఓడెక్కు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఏథెన్సు వారి రేవు పిరేయస్ నుంచి నాక్సోస్ దీవికి పోదలచినవాడొకడు టికెట్టు మీది బయలుదేరు వేళను వేదవాక్కుగా నమ్మి నిశ్చింతగా కూర్చుండగా, పక్క కుర్చీలోని అనుభవజ్ఞుడు అతనికి చేసిన హితబోధ ఈ పద్యం.

మూలం:

గాలి యొప్పుకొన్న గడియలో నోడెక్కు
పెట్టె భుజముపైనఁ బెట్టి పరుగు
తలుపు వాలుమున్నె తరుముదు రెల్లరు
దిగినవాడె మేటి దీవిపైన

ప్రతిపదార్థం: గాలి = వేసవిలో ఉత్తరం నుంచి వీచే మెల్టెమి; ఒప్పుకొన్న గడియలోన్ = అడ్డు చెప్పని సమయమందు (టికెట్టుపై అచ్చయిన సమయమందు అని కాదు); ఓడ = లారీలను కడుపులోనూ మనుషులను నెత్తిమీదా మోసే ఫెర్రీ; ఎక్కు = ఎక్కుము; పెట్టె = చక్రాల పెట్టెను; భుజముపైనన్ పెట్టి = భుజానికెత్తుకొని (రేవులోని గతుకుల్లో చక్రాలు నిష్ప్రయోజనములని ధ్వని); పరుగు = పరుగెత్తుము (పరుగెత్తేవాడికి క్రియాపదం పూర్తిచేసే తీరిక ఉండదు గనుక దోషం కాదు); తలుపు = ఓడ వెనుక భాగపు ఇనుప ర్యాంపు; వాలుమున్నె = రేవుగట్టు మీదికి దిగకముందే; ఎల్లరు = మోకాళ్ల నొప్పులవారితో సహా అందరూ; తరుముదురు = వెనుకనుంచి నెట్టుదురు; దీవిపైన = దీవి మీద; దిగినవాడె = తన దీవిలో, తన సామానుతో దిగినవాడే; మేటి = గొప్పవాడు.

తాత్పర్యం: ఓయీ, గాలి సరేనన్నప్పుడే ఓడ కదులుతుంది. సామాను మోసుకొని త్వరపడు. తలుపు తెరుచుకోకముందే జనం నిన్ను తోస్తారు. ఇన్ని గడిచి దీవిలో కాలు మోపినవాడిదే గొప్ప.

శంక: గాలి అచేతనం కదా, దానికి ఒప్పుకోవడమేమిటి?

సమాధానం: గ్రీకు సముద్రంలో ఈ ప్రశ్నకు పాత ప్రమాణమే ఉంది. ట్రాయ్ నగరం మీదికి యుద్ధానికి పోవలసిన గ్రీకు రాజు అగమెమ్నన్ ఓడలన్నీ గాలి అనుకూలించక ఔలిస్ రేవులో నిలిచిపోయాయి. గాలిని ఒప్పించడానికి ఆయన కన్నకూతురినే బలికి సిద్ధం చేశాడని పురాణం. ఇప్పుడంత ఘోరం లేదు. తీర రక్షక దళం వారు గాలిని బోఫోర్ట్ అంకెల్లో కొలిచి, హద్దు దాటితే ఓడలు కదలరాదని నిషేధం జారీ చేస్తారు. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నౌకాధికారి ఏర్పరచిన కొలమానమిది. సున్నా నుంచి 12 దాకా పోతుంది. సాధారణంగా 8 దగ్గర, అంటే గంటకు 62 నుంచి 74 కిలోమీటర్ల గాలి ఉన్నప్పుడు, పెద్ద ఓడలు సైతం రేవులోనే ఉండిపోతాయి. చిన్న వేగనౌకలు అంతకు ముందే తలవంచుతాయి. తక్కువ సమయంలో చేరుతుందని ఎక్కువ ధర పెట్టి కొన్న టికెట్టే ముందుగా రద్దవుతుందని గ్రహించవలెను.

శంక: ఆకాశం నిర్మలంగా ఉన్నదే, మబ్బు తునకైనా లేదే, తుఫాను ఎక్కడ?

సమాధానం: టికెట్టు కౌంటర్ ముందు ఎక్కువగా వినిపించే పూర్వపక్షమిది. మెల్టెమికి మబ్బులతో పని లేదు. బాల్కన్ల మీది అధిక పీడనానికీ తుర్కియే మీది అల్పపీడనానికీ మధ్య ఇది వీస్తుంది. ఆ అల్పపీడనమో, మన దక్షిణాసియా రుతుపవనాల అల్పపీడనం పడమటికి చాచిన చెయ్యి. కనుక మనకు జూలై, ఆగస్టుల్లో వానలిచ్చే వ్యవస్థకూ, నాక్సోస్ రేవులో ఓడను కట్టిపడేసే గాలికీ చుట్టరికమున్నది. తెలుగు ప్రయాణికుడు ఆ గాలిని తిట్టేముందు ఈ సంబంధాన్ని స్మరించుట మర్యాద.

శంక: టికెట్టు చేతిలో ఉండగా పరుగెందుకు?

సమాధానం: పిరేయస్ ఒక్క రేవు కాదు, రేవుల వరుస. ద్వారాలకు ఇ1, ఇ2 అని పదికి పైగా అంకెలున్నాయి. నాక్సోస్, పారోస్ దీవుల వైపు ఓడలు ఎక్కువగా మెట్రో స్టేషన్ దగ్గరి ద్వారాల నుంచి బయలుదేరుతాయి. రోడ్స్ ఓడ అవతలి ఒడ్డున ఇ1 దగ్గర ఉంటుంది. ఏథెన్సు నుంచి ఇక్కడికి రైలు 1869 నుంచే ఉంది, విమానాశ్రయం నుంచి నేరుగా మెట్రో 2022లో వచ్చింది. ఇంత దూరం పట్టాల మీద సుఖంగా వచ్చినవాడు చివరి కిలోమీటరు తప్పు ద్వారానికి నడిచి, ఒప్పు ద్వారానికి పరుగెత్తుతాడు. అందుకే కవి పరుగును రెండో చరణంలోనే పెట్టాడు.

శంక: తలుపు వాలకముందే తోపులాట అనాగరికం కాదా?

సమాధానం: కాదు, అది గణితం. దీవి దగ్గరికి రాగానే ఓడ లంగరు వదిలి, వెనక్కి తిరిగి, తోకను గట్టుకు ఆనిస్తుంది. చిన్న దీవుల దగ్గర అది ఆగేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది సేపట్లో దిగేవాళ్లు దిగాలి, లారీలు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి. కనుక దీవి పేరు మైకులో వినబడగానే జనం కార్ల అంతస్తులోకి దిగి, డీజిలు పొగలో, గొలుసుల చప్పుడులో నిలబడతారు. మర్యాదకు పోయి పైన కూర్చున్నవాడు మరుసటి దీవిని కూడా చూస్తాడు.

విశేషం: మొదటి చరణాన్ని హాస్యంగా మాత్రమే చదవరాదు. 2000 సెప్టెంబర్ 26 రాత్రి బలమైన గాలిలో ఎక్స్‌ప్రెస్ సామినా అనే ఫెర్రీ పారోస్ దగ్గరి పోర్టెస్ రాళ్లకు కొట్టుకొని మునిగింది. 80 మందికి పైగా పోయారు. సిబ్బంది అశ్రద్ధే దానికి మూలం. అయినా ఆ గాలిరాత్రి సంగతి తెలిసినవారెవరూ రేవులో నిలిపేసిన ఓడను చూసి కసురుకోరు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో 'సమ్మె యొప్పుకొన్న' అని ఉంది. గణం సరిపోతుంది, యతి చెడుతుంది. నావికులు సమ్మె కట్టిన రోజున చెడేది యతి ఒక్కటే కాదు గనుక ఈ పాఠాన్నీ కొందరు గ్రాహ్యమే అంటారు.

అలంకారం: స్వభావోక్తి. టికెట్టు మీది వేళలో మాత్రం అతిశయోక్తి.

ఛందస్సు: ఆటవెలది. నిలకడగా సాగక చరణం చరణానికీ పొడుగూ పొట్టీ అయ్యే నడక గనుక ఓడ ప్రయాణానికి తగినది.

ఫలశ్రుతి: కవి దీవికి పోవడం గురించే చెప్పాడు, తిరుగు ప్రయాణం ఊహించుకోవలెను. గాలుల దేవుడు ఇయొలస్ ఎదురుగాలులన్నీ మూటకట్టి, ట్రాయ్ నుంచి ఇంటికి మరలిన ఒడిస్సియస్‌కు ఇచ్చాడు. సొంత దీవి కంటికి కనబడుతుండగా తోటివాళ్లు ఆ మూట విప్పేశారు. గాలి ఇల్లు దగ్గరపడ్డాకే ఎదురు తిరుగుతుందని దీని సారం. కనుక ఈ పద్యాన్ని అర్థంతో సహా చదివినవాడు విమానమున్న రోజునే దీవి నుంచి ఓడెక్కడు. ముందు రోజే వచ్చి రాత్రి ఏథెన్సులో పడుకుంటాడు. ఆ హోటలు ఖర్చు దండగని వాదించేవారికి, విమానం టికెట్టు రెండోసారి కొన్నప్పుడు ఈ టీకా మళ్లీ చదువుకొనే అవకాశమున్నది.